పర్సోం అంటే ఏ రోజు?

హాల్లో పనికి కొత్తగా చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు. పెద్ద పెద్ద కళాకారుల్ని దగ్గర్నుంచి చూశారు కదా, ఎవరెలాంటివారో చెప్పండి అని. చెప్పను. వాళ్ళలో చాలామంది నాకు తెర వెనక చెప్పులు వెతుక్కుంటూ కనిపించారు, అంతకుమించి రహస్యాలేమీ లేవు. నేను మీకు చెప్పదలచుకున్నది తలుపుల గురించి. ప్రదర్శన రోజు ప్రేక్షకులకు తలుపులు తెరవాలంటే స్టేజి మేనేజర్ నోటి నుంచి మాట రావాలి. ప్రొడ్యూసర్ తొందరపెట్టినా, మంత్రిగారొచ్చి లాబీలో నిలబడినా, హెడ్‌సెట్‌లో స్టేజి మేనేజర్ "హౌస్ ఓపెన్" అనేదాకా తలుపు కదలదు. సింగపూర్‌లో నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ మాట వేళకు అన్నాను. ఒక్క శనివారం మాత్రం అనలేదు.

ఆ ప్రదర్శన ఏమిటో ముందు చెప్పాలి. అదొక పాత అమెరికన్ సినిమా, నలుపు తెలుపు. ఇరుకు వాటాల్లో పెరిగే ఒక అనాథ పిల్లాడు వయొలిన్ అద్భుతంగా వాయిస్తాడు. మేనమామ వాణ్ణి తాగుబోతుల మధ్య కూర్చోబెట్టి వాయింపిస్తుంటాడు. ఎవరో సంగీతం మాస్టారు విని చేరదీస్తాడు. ఆఖర్న పెద్ద హాల్లో పిల్లాడు వాయిస్తుంటే మేనమామ తలుపు దగ్గర నిలబడి ఏడుస్తాడు. పిల్లాడి చేత చాకిరీ చేయించి చివర్లో కళ్ళు తుడుచుకుంటే పెద్దవాళ్ళ పాపం పోతుందని ఆ రోజుల్లో నమ్మేవారు కాబోలు. ఇప్పుడూ నమ్ముతున్నారు లెండి.

మా ప్రొడ్యూసర్ చైనీసావిడ, ఇక్కడే పుట్టి పెరిగింది, కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగే మనిషి. ఆవిడకో ఆలోచన వచ్చింది. సినిమాలో మాటలు ఉంచి సంగీతం మాత్రం తీసేయాలి. తెర కింద ఆర్కెస్ట్రా కూర్చుని వాయించాలి. పిల్లాడి వయొలిన్‌ను మాత్రం ఈ ఊరి పిల్ల వాయించాలి. పోస్టర్ మీద పైన ఆ అబ్బాయి, కింద ఈ అమ్మాయి. నగరంలో ఎక్కడ రైలు దిగినా ఆ పోస్టరే కనిపించేది.

ఆ అమ్మాయికి పదకొండేళ్ళు. యీషున్‌లో ఉండే హైదరాబాదీ ముస్లిం కుటుంబం వాళ్ళది. నాన్న జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంట్ ఇంజనీరు. తల్లి లేదు. మొదటి రోజు నేను ఫోన్‌లో మా చెల్లెలితో మాట్లాడుతుంటే ఆయన పక్కన నిలబడి విని, "మీరు తెలుగోళ్ళా మేడం? ముందుగాల చెప్పొద్దా?" అన్నాడు. మాది కాకినాడ వైపు. ఆయన తెలంగాణ తెలుగూ నా గోదావరి తెలుగూ కలిసి తెర వెనక మూలలో బాగానే కాలక్షేపం చేశాయి. రిహార్సల్ జరిగినంతసేపూ ఆయన కాఫీ కప్పు చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయి కూర్చునేవాడు. ఒకరోజు వాళ్ళ ప్లాంట్ సంగతులు చెబుతూ, "మా దగ్గర హెల్పర్ గూడ పని ఆపొచ్చు మేడం. అనుమానం ఒస్తె చాలు, స్టాప్ అంటడు. మేనేజర్ గూడ నోరు మూస్కోవాలె" అని గర్వంగా చెప్పాడు.

పిల్ల సంగతి ఏం చెప్పను? "బాలమేధావి" అన్న మాట నాకు పడదు. పిల్లల్ని అలా పిలిచేవాళ్ళకు ఎక్కువగా టిక్కెట్లు అమ్మే పని ఉంటుంది. కానీ ఆ పిల్ల కమాను ఎత్తితే లైట్లవాళ్ళు కూడా చేతిలో పని ఆపేసేవాళ్ళు. వాయించడం అయ్యాక మళ్ళీ మామూలు పిల్లే. క్యాంటీన్‌లో టిష్యూ ప్యాకెట్ పడేసి నాకూ ఒక కుర్చీ చోప్ చేసి, అంటే ఇంకెవరూ కూర్చోకుండా ఆపి, పెట్టేది. "ఆంటీ, సిట్ హియర్ లా" అని, ఈ ఊరివాళ్ళలాగే మాట చివర లా తగిలించి పిలిచేది.

ఇక్కడ కొంచెం పని వివరం తప్పదు. సినిమా ఎవరి కోసమూ ఆగదు. అందుకని ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చెవిలో ఒక చిన్న ఇయర్‌పీస్ పెడతారు, అందులో టక్ టక్ మని తాళం వినిపిస్తుంది. మేము దాన్ని క్లిక్ అంటాం. ఆయన దాన్ని బట్టి చెయ్యి ఊపుతాడు, ఆర్కెస్ట్రా ఆయన్ని బట్టి వాయిస్తుంది. మా పిల్లను మాత్రం ఆర్కెస్ట్రాకు దూరంగా, తెరకు సరిగ్గా కింద, ఎత్తయిన అరుగు మీద నిలబెట్టారు. పిల్లలిద్దరూ ఒకే చూపులో కనపడాలని ప్రొడ్యూసర్ పట్టుదల. అక్కడి నుంచి కండక్టర్ కనపడడు. అందుకని పిల్లకూ ఒక క్లిక్ ఇచ్చారు. వయొలిన్ ఎడమ చెవి కింద ఉంటుంది కాబట్టి క్లిక్ కుడి చెవిలో. సినిమా చూసుకోవడానికి ఎదురుగా చిన్న మానిటర్.

వారం మొదట్లో రిహార్సళ్ళు నూనె రాసినట్టు సాగిపోయాయి. యూరప్ నుంచి వచ్చిన కండక్టర్ ముభావి, ఎవర్నీ మెచ్చుకోని మనిషి. ఆయన కూడా పిల్ల తల నిమిరి వెళ్ళాడు. తర్వాత రెండు రోజులు హాల్లో తెర బిగించే పని, రిహార్సల్ లేదు. శనివారం మధ్యాహ్నం ఆఖరి రిహార్సల్, సాయంత్రం ప్రదర్శన.

ఆ మధ్యాహ్నం పిల్ల తాళం తప్పింది. ఎంతో కాదు, అర మాత్ర. కానీ మొత్తం ఆర్కెస్ట్రా ఒక వైపు, పిల్ల ఇంకో వైపు అయిపోయింది. కండక్టర్ ఆపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే తప్పింది. మూడోసారీ అంతే. "క్లిక్ వినపడటం లేదేమో, పెంచండి" అన్నాడు కండక్టర్. సౌండ్ కుర్రాడు పెంచాడు. ఇంకా పెంచాడు. పిల్ల ముఖంలో ఏ మార్పూ లేదు. నా హెడ్‌సెట్‌లో ప్రొడ్యూసర్ గొంతు వినపడింది. "ఏమైంది? నర్వస్ ఆ? ఆమెతో మాట్లాడు, క్యాన్ ఆర్ నాట్?"

నేను నా మూలలో నిలబడి తెర వంక చూస్తున్నాను. నాకు సంగీతం రాదు, స్వరం తప్పితే తెలియదు. కానీ ఏళ్ళ తరబడి ఒకే దృశ్యాన్ని పదేపదే చూసే ఉద్యోగం నాది. పిల్లాడి చేతులు దగ్గరగా చూపించినంతసేపూ మా పిల్ల అక్షరం పొల్లుపోకుండా వాయిస్తోంది. కెమెరా దూరం జరిగి పిల్లాడు మొత్తం కనపడగానే తప్పుతోంది. ప్రతిసారీ అంతే. ఎందుకో తట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. ఆ సినిమా పిల్లాడికి అసలు వయొలిన్ రాదు. దగ్గరి దృశ్యాల్లో ఉన్నవి ఎవరో విద్వాంసుడి చేతులు. దూరం నుంచి చూపినప్పుడు మాత్రం వాడు ఉత్తుత్తినే కమాను ఊపుతుంటాడు. వినేవాళ్ళకు ఆ తేడా తెలియదు. తెర మీద చెయ్యిని చూసి వాయించేవాళ్ళే ఆ గోతిలో పడతారు.

అంటే పిల్ల క్లిక్ వినడం లేదు. ఆ దొంగ కమానును చూసి వాయిస్తోంది.

విరామం అని చెప్పి అరుగెక్కాను. పిల్ల నడుముకు తగిలించిన క్లిక్ పెట్టె సరిచేస్తున్నట్టు వంగి, దాని స్విచ్ ఆపేశాను. పిల్ల ఎదురుగా నిలబడి అడిగాను.

"క్లిక్ వినపడుతోందా అమ్మా?"

"క్యాన్, ఆంటీ." ఇక్కడివాళ్ళు అవుననడానికి వాడే మాట అది.

"బాగా వినపడుతోందా?"

"క్యాన్ లా. వెరీ క్లియర్."

పెట్టె తీసి, ఆరిపోయిన ఎర్ర దీపం దానికి చూపించాను. పిల్ల దాని వంక చూసింది, నా వంక చూసింది. నా చెయ్యి పట్టుకుని గుసగుసగా, "ప్లీజ్ ఆంటీ, డోంట్ టెల్ అబ్బా. దే విల్ గివ్ మై పార్ట్ టు హిమ్" అంది. అబ్బా అంటే వాళ్ళ నాన్న. ఆర్కెస్ట్రాలో మొదటి వరస వయొలినిస్టు ఎందుకైనా మంచిదని ఆ భాగం సాధన చేసి ఉంచుకున్నాడు. ఆయన్నే అంటోంది. కానీ అలాంటి విషయం దాచిపెట్టడం నా వల్ల కాదు, ఆ మాటే దానికి చెప్పాను. అప్పుడు నా చెయ్యి వదిలేసింది.

గ్రీన్ రూమ్‌లో అందరం చేరాం. పిల్ల, వాళ్ళ నాన్న, కండక్టర్, ప్రొడ్యూసర్, ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉండే ఫిలిప్పీన్స్ నర్సు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని పిల్లను వాళ్ళ ఇంటి మాటలో అడిగాడు, ఎప్పట్నుంచని. పిల్ల తల వంచుకుని, "పర్సోం సే, అబ్బా. సీదే కాన్ మే కుచ్ బీ నై ఆరా" అంది. కుడి చెవిలో ఏమీ వినపడటం లేదని.

ఆయన ముఖం ఒక్కసారిగా తేటపడింది. లేచి నిలబడి పెద్దగా ఊపిరి వదిలాడు.

"ఏం గాదు మేడం, గది పాతదే. ఈత క్లాసుల నీళ్ళు వోయినయ్ చెవుల. డాక్టర్ చుక్కలు ఇచ్చిండు. మళ్ళ జామ్ అయినట్టుంది, గంతే" అని నాతో చెప్పి, అదే మాట మిగతావాళ్ళకు ఇంగ్లీషులో చెప్పాడు.

ఈత క్లాసు అంతకు కొన్ని నెలల ముందు సంగతి. నర్సు తల ఊపింది. చెవిలో నీళ్ళూ గులిమీ అయితే భయం లేదు, సోమవారం డాక్టరుకు చూపించొచ్చు అంది. కండక్టర్ అప్పుడే ఉపాయాలు మొదలుపెట్టాడు. క్లిక్‌ను ఎడమ చెవికి మారుద్దాం, వయొలిన్ మోతను మించి వినపడాలి కాబట్టి శబ్దం బాగా పెంచుదాం అన్నాడు. ప్రొడ్యూసర్ గడియారం చూసుకుని, "గుడ్, గుడ్, క్యాన్ లా" అంటూ తలుపు దాకా వెళ్ళిపోయింది. గదిలో అందరికీ నెత్తిన పాలు పోసినట్టయింది. నాకు మాత్రం ఒక్క మాట మీద అనుమానం వచ్చింది. పిల్ల పర్సోం అంది. పర్సోం అంటే మొన్న కదా?

హైదరాబాదువాళ్ళతో పరిచయం ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. వాళ్ళ పర్సోంకు హద్దూ అదుపూ లేదు. మొన్న జరిగిందీ పర్సోమే, పోయినేడాది పెళ్ళీ పర్సోమే. మా ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఇంటి ఓనరు "పర్సోమే సున్నం ఏయించిన" అంటే నమ్మి ఇంట్లో దిగాం, గోడలు పెచ్చులూడుతున్నాయి. నాన్న చెవికి ఆ పర్సోమే వినపడింది. గడిచిపోయిన ఏదో ఒకనాడు అన్నట్టుగా. కానీ ఈ పిల్ల హైదరాబాద్‌లో పెరగలేదు. ఇక్కడ మనవాళ్ళ పిల్లలు కొందరు వారాంతాల్లో ఉర్దూ క్లాసుకు వెళ్ళి, పరీక్ష రాసి, మార్కులు తెచ్చుకుంటారు. ఆ క్లాసులో, జరిగినదాని గురించి పర్సోం అంటే ఒకటే రోజు, మొన్న. నేను స్కూల్లో నేర్చుకున్న హిందీలోనూ ఒకటే రోజు.

పిల్ల ముందు కూర్చున్నాను. "అమ్మా, వారం పేరు చెప్పు. ఏ రోజు?"

"థర్స్‌డే లా, ఆంటీ" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఐ వేక్ అప్, ఆల్రెడీ లైక్ దట్."

"అంతకు ముందు? బుధవారం రాత్రి?"

"వెడ్నెస్‌డే నైట్ ఓకే వాట్. ఐ ప్రాక్టీస్ సమ్ మోర్." అంటే బుధవారం రాత్రి చెవి బాగానే ఉంది, సాధన కూడా చేసింది.

నర్సు చేతిలో కలం ఆగిపోయింది. ఇంకేమీ అడగకుండా పక్కకు వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేసింది. తిరిగొచ్చి, ఎవరి వంకా చూడకుండా నాన్న వంకే చూస్తూ చెప్పింది. రాత్రికి రాత్రి చెవి పోవడం వేరే జబ్బు, గులిమి కాదు. మందు ఎంత ఆలస్యమైతే వినికిడి తిరిగొచ్చే ఆశ అంత తగ్గుతుంది. ఇప్పటికే ఆలస్యమైంది, ఇప్పుడే తీసుకురమ్మన్నారు. పెద్ద శబ్దం ఏ చెవికీ తగలకూడదన్నారు.

కొంచెంసేపటి క్రితం ఆ చెవిలో మేము క్లిక్ పెంచుకుంటూ పోయాం.

ముందు పిల్లే మాట్లాడింది. "అబ్బా, ఐ కెన్ ప్లే. ఆఫ్టర్ దట్ వీ గో." నాన్న నా వైపు తిరిగాడు.

"సినిమా ఎంతసేపు మేడం? అయిపోంగనే టాక్సీ ఎక్కుతం. మా అత్తమ్మ హైదరాబాద్ నించి ఒచ్చింది గీ ఒక్క దినం కోసం. మా షిఫ్టోళ్ళు అందరు బయట నిలబడ్డరు. పిల్ల గూడ వాయిస్తనంటుంది గద."

"ఏవండీ, మీ ప్లాంట్‌లో అనుమానం వస్తే హెల్పరైనా పని ఆపొచ్చన్నారు కదా?" అన్నాను.

"ఇది ప్లాంట్ కాదు మేడం!" అని కసిరాడు. ఆ తర్వాత తనే తల పట్టుకున్నాడు.

హెడ్‌సెట్‌లో లాబీ నుంచి పిలుపు. జనం నిండిపోయారు, తలుపులు ఎప్పుడు? ప్రొడ్యూసర్ ఒంటికాలి మీద లేచింది. తండ్రి ఒప్పుకున్నాడు, పిల్ల ఒప్పుకుంది, నువ్వెవరు మధ్యలో? అంది. న్యాయమైన ప్రశ్నే. నేను తల్లినీ కాదు, డాక్టర్నీ కాదు. నా చేతిలో ఉన్నది ఒక్కటే. "ఆ పిల్ల అరుగెక్కేటట్టయితే నేను తలుపులు తెరవను. ఆ వయొలినిస్టు ఎక్కితే ఇప్పుడే తెరుస్తాను" అన్నాను. ఇది నీ ఆఖరి ప్రదర్శన అవుతుందంది. అయితే అవనీ అన్నాను. ధైర్యం అనుకునేరు, బల్ల పట్టుకుని నిలబడి అన్న మాటలవి.

అప్పటికి పిల్ల మా అందరికీ వీపు తిప్పి, మూలనున్న కుర్చీ మీద వయొలిన్ పెట్టె తెరిచి కమానుకు రోజనం, అంటే పట్టునిచ్చే గుగ్గిలం బిళ్ళ, రాస్తోంది. మా మాటలేవీ తనకు పట్టనట్టు. నేను నాన్న దగ్గరకు వెళ్ళి నెమ్మదిగా చెప్పాను. "ఒక్కసారి కుడి పక్క నుంచి పిలవండి. గట్టిగా కాదు. ఇంట్లో పిలిచినట్టు."

ఆయన వెళ్ళి పిల్ల కుడి భుజం వెనక నిలబడ్డాడు. "బేటా" అన్నాడు.

పిల్ల రోజనం రాసుకుంటూనే ఉంది.

"బేటా."

కమాను చివర పరీక్షగా చూసుకుని, మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. ఆయన మూడోసారి పిలవలేకపోయాడు. వంగి, దాని చేతిలోంచి కమాను తీసి పెట్టెలో పెట్టాడు. పిల్ల ఉలిక్కిపడి తిరిగి చూసింది. ఆయన ముఖం చూశాక ఇంక వాదించలేదు. వెక్కి వెక్కి ఏడ్చింది. నా పక్క నుంచి వెళ్తూ, "ఐ హేట్ యూ, ఆంటీ" అంది. వాళ్ళు వెనక ద్వారం గుండా టాక్సీ ఎక్కారని కబురు వచ్చాకే తలుపులు తెరవమన్నాను.

ప్రదర్శన జరిగింది. వయొలినిస్టు బాగా వాయించాడు. పోస్టర్ చూసి వచ్చిన జనం మొదట గొణిగి, ఆ తర్వాత సినిమాలో పడిపోయారు. ఏ లైటు, ఏ శబ్దం ఎప్పుడో రాసుకున్న పుస్తకం ముందు పెట్టుకుని నేను హెడ్‌సెట్‌లో క్యూలు పిలిచాను, ఒక్కటీ తప్పలేదు. ఆఖరి ఘట్టంలో మేనమామ ఏడ్చాడు, హాలంతా ముక్కులు చీదింది. నేనొక్కదాన్నే వాడి మీద పళ్ళు నూరుతూ కూర్చున్నాను.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. ప్రొడ్యూసర్ అన్నంత పని చేయలేదు కానీ మరి తన ఏ ప్రదర్శనకూ నన్ను అడగలేదు. పిల్ల చెవి చాలావరకు తిరిగొచ్చింది. సన్నని పై స్వరాలు మాత్రం రాలేదు. ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే ఇదీ దక్కేది కాదేమో అన్నారట. ఇప్పుడు పెద్దదైంది, వయొలిన్ మానేసి వియోలా పట్టింది. అది కొంచెం పెద్ద వాయిద్యం, గొంతు బొంగురు. ఆర్కెస్ట్రాలో వెనక వరసలో కూర్చుంటుంది, దాన్ని ఎవరూ పోస్టర్ మీద వేయరు. నేను ఎదురుపడితే మర్యాదగా పలకరిస్తుంది, అంతకుమించి నిలబడదు. దాని చోటు అరుగు మీద నుంచి లాగేసిన మనిషిని నేను. ఆ కోపం దానికి ఉండొచ్చు, నాకు బాధే కానీ తప్పనిపించదు.

ఆ సాయంత్రం చప్పట్లు ఇంకా ఆగకుండానే పిల్ల నాన్నకు ఫోన్ చేశాను. మందు మొదలుపెట్టారన్నాడు. వినికిడి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారన్నాడు. పిల్ల ఏం చేస్తోందని అడిగాను.

"పన్నది మేడం. టాక్సీ ఎక్కంగనే పన్నది, దవాఖానల లేపిన్రు, మళ్ళ పన్నది." ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "రెండు రాత్రులు నిద్ర పోలేదట. పంటె పొద్దుగాల వరకు ఒక చెవు పోయింది గద, మళ్ళ పంటె రెండోది గూడ పోతదేమో అని మంచం మీద కూసున్నదట, ఒక్కతే. నేను పక్క రూంల గుర్రువెట్టి పన్న మేడం."

ఇప్పుడు మరి ఎలా పడుకుందని అడిగాను.

"'నువ్వు మేల్కొని ఉండు అబ్బా' అన్నది" అన్నాడాయన. "గందుకే కూసున్న."